అట్టపెట్టెలో వచ్చిన చక్రాల పలక

జగిత్యాలలో మా ఇంటి ముందు సిమెంటు బాట మీద మా బిడ్డ స్కేట్‌బోర్డు తొక్కుతుంటే గరగరమని చప్పుడు వస్తుంది. అది చెవిన పడితే నా చెంపలు ఇప్పటికీ వేడెక్కుతాయి. సిగ్గు. అందులో నాది కొంత, మా చిన్నబాపుది కొంత. చిన్నబాపు అంటే మా బాపు తమ్ముడు గంగారాం. మస్కట్‌లో బంగళాలు ఊడ్చే పనికి పోయి, కంపెనీ మూతపడితే మా పుట్టింటి ఊరు కోరుట్లకు తిరిగి వచ్చాడు.

గల్ఫ్ నుంచి ఎవరు వచ్చినా మా వాడకట్టులో అట్టపెట్టె అందరి ముందే విప్పాలి. సెంటు సీసాలు, సబ్బులు పంచాలి. చాటుగా విప్పితే పీనాసి అంటారు. ఆ రోజు వాకిలి నిండా జనం. చిన్నబాపు టేపు కోస్తే పాత బట్టలు, వాటి కింద చక్రాలున్న చెక్క పలక. అంతే. చిన్నమ్మ తెచ్చిన చాయ్ ఆమె చేతిలోనే ఉండిపోయింది. "ఏంది గంగారాం, మస్కట్ పొయ్యి పలక తెచ్చినవ్?" అన్నది పక్కింటి మల్లవ్వ. అందరూ నవ్వారు. చిన్నబాపు తలెత్తలేదు. "బంగ్లల పారేస్తుంటే అడిగి తెచ్చిన, మన సుజాతకు," అన్నాడు. పదో తరగతిలో ఉన్న నాకు తల కొట్టేసినట్టయింది.

అప్పటినుంచి ఆయన వెనక గల్లీలోంచే తిరిగేవాడు. మళ్లీ ముందు వాకిట్లోంచి బయటికి వచ్చింది బంగళా పిల్లలు తొక్కుతుంటే చూసినట్టుగా నాకు ఆ పలక తొక్కడం నేర్పడానికే. వడ్లు ఆరబోయని రోజు రైసుమిల్లు కల్లంలో నా చెయ్యి పట్టుకున్నాడు. చూసేవాళ్లు చూస్తూనే ఉన్నారు.

"సిగ్గయితే కాళ్లు కట్టెలెక్క బిర్రుగైతయి బిడ్డా. బిర్రుగైతే పడుతవ్. మోకాళ్లు వంచు."

"సిగ్గు పోదా చిన్నబాపూ?"

"పోదు. నాకు పోయిందా? వంచి తొక్కు."

ఆ పలక ఇరుకు, నా పాదం అడ్డంగా సరిగ్గా పట్టేది కాదు. వెనక కొస ఒక్కటే లేచి ఉండేది. చక్రాలు మాత్రం పెద్దవి, మెత్తవి. కొన్నేళ్లకు ఆయన మళ్లీ మస్కట్ పోయి వచ్చాడు. ఈసారి పెట్టె నిండా సామాను, అన్నిటికన్నా పైన కొత్త పలక. "ముందు గిది చూడుండ్రి," అని తలెత్తి చూపించాడు. అది వెడల్పు, రెండు కొసలూ లేచినవే, చక్రాలు చిన్నవి, గట్టివి. కోరుట్ల బాట మీద చిన్న రాయి తగలగానే అది ఆగింది, నేను పడ్డాను. "గప్పటోళ్లు పలక మీద బాట పట్టి పోయేటోళ్లు, గిప్పటోళ్లు పలకతోని ఎగురుతరు. గందుకే చక్రాలు చిన్నగైనయ్. మన బాటకు పాతయే నయం," అన్నాడు. పాత చక్రాలు కొత్త పలకకు బిగిస్తే చెక్కకు రాసుకున్నాయి. హవాయి చెప్పు కోసి ఆ ముక్కలను ఇరుసులకూ చెక్కకూ మధ్య పెట్టాడు. నడిచింది.

చిన్నబాపు ఇప్పుడు లేడు. మా బిడ్డ బోర్డు ఇంకా వెడల్పు, చక్రాలు మాత్రం చిన్నవే. పోయిన వారం రాయి తగిలి తను పడింది. పెద్దవి, మెత్తటి చక్రాలు తెప్పించి, ఇవాళ పొద్దున పాత చెప్పు కోసి బిగించాను.

"అమ్మా, ముందు నువ్వు తొక్కు. సిగ్గైతుందా?"

గల్లీలో ఆడవాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు.

"ఐతుంది," అన్నాను. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, మోకాళ్లు వంచాను.