టోపీలో రాయి

మార్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ల గుడిలో పెళ్లంటే పిలిచినవాళ్లంతా వెళ్లి చూసేది కాదు. రెకమెండు అనే కార్డు ఉన్నవాళ్లనే లోపలికి రానిస్తారు. బ్యాంకాక్ గుడిలో మా అమ్మాయి పెళ్లి దగ్గరపడింది. మా ఆయన ఈ మతంలో చేరనే లేదు కాబట్టి బయట కూర్చోడానికి ముందే సిద్ధపడ్డాడు. లోపల పిల్లకు తెల్లబట్టలు తొడిగి, ముసుగు సర్దాల్సింది నేను. కార్డు కావాలంటే, ఈ మతాన్ని దేవుడే తిరిగి నిలబెట్టాడని నమ్ముతున్నానని మా సంఘం పెద్ద ఎదుట చెప్పాలి. ఇక్కడ మలేషియాలో, సుంగై పెటానిలో, ఏళ్లుగా పిల్లలకు మతపాఠాలు చెబుతున్నదాన్ని, నాకు అదో లెక్కా? ఆ రాయి సంగతి తెలియకముందు అయితే ఠక్కున చెప్పేదాన్ని.

మా తరగతి గోడకు ఒక బొమ్మ ఉంది. అందులో మత స్థాపకుడు బంగారు రేకుల మీద వేలు పెట్టి చదువుతుంటాడు. మన గ్రంథం ఇలాగే పుట్టిందని ఆ బొమ్మ చూపించే చెప్పేదాన్ని. ఒక శనివారం పాఠం కోసం సంఘం వెబ్‌సైటు తిరగేస్తుంటే అసలు కథ కనిపించింది. ఆయన టోపీలో ఒక రాయి వేసి, అందులో ముఖం పెట్టి, కనిపించిన మాటలు చెబుతుంటే పక్కవాళ్లు రాసుకున్నారట. నాకు ఒళ్లు మండిపోయింది. రాయికి పసుపు రాసి మొక్కే ఇంట్లో పుట్టినదాన్ని నేను. బాప్తిస్మం తీసుకున్నప్పుడు అదంతా మూఢనమ్మకమని మాన్పించారు కదా! మా అమ్మ రాయి మూఢనమ్మకం, వీళ్ల రాయి దైవవాక్కూనా?

ఆదివారం ప్రార్థన అయ్యాక మా పెద్ద నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. మా రబ్బరు ఎస్టేటువాడే, నాకు అన్న వరస.

"కూకో సెల్లీ," అన్నాడు. మొదటి ప్రశ్నలు సాఫీగా నడిచాయి. ఈ మతాన్ని దేవుడే తిరిగి నిలబెట్టాడని నమ్ముతున్నావా అని అడిగేసరికి నేను కిటికీ వైపు తిరిగాను.

"ఏటైనాది?"

"టోపీలో రాయి సంగతి నీకు తెలుసా అన్నా?"

ఆయన ముఖం మాడిపోయింది. "తెలుసు. ఇప్పుడదంతా ఎందుకు? పిల్ల పెళ్లి పెట్టుకున్నావు. ఔనని సెప్పెయ్ లా," అన్నాడు, ఇక్కడి అలవాటు కొద్దీ మాట చివర 'లా' తగిలించి.

"ఔనంటే అబద్ధమవుద్ది."

"నాకు మాత్రం అన్నీ బోధపడినాయేటి? దేవుడికొదిలేసినాను. నువ్వూ ఒదిలెయ్," అని బతిమాలాడు.

ఒక్క మాటేగా! నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ వచ్చే ఆదివారం మళ్లీ ఆ బొమ్మ పక్కన నిలబడి, అదే నోటితో పిల్లలకు పాఠం చెప్పాలి.

"నమ్మకం లేదన్నా," అన్నాను.

"అయితే సంతకం పెట్టలేను సెల్లీ," అని ఆయన తల దించుకున్నాడు.

అమ్మాయి బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. నా ముఖం చూసి లేచి నిలబడింది. జరిగింది చెప్పాను. అరిచి గోల చేస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది.

"అబద్ధం ఆడమని నేను సెప్పనమ్మా," అంది. "మరి నా ముసుగెవలు సర్దుతారు?"

"నీకు కాబోయే అత్త లోపలే ఉంటాది కదే."

"ఉంటాది లా. నాకు నువ్వు కావాల."