ఎండకు అడ్డొచ్చిన మేడ

ఆ రోజుల్లో హైటెక్ సిటీ అంటే ఒక పెద్ద భవనం, దాని చుట్టూ బోలెడన్ని బండరాళ్లు. ఆ బండల మధ్య నడుస్తూ, ఈ ఊరిని ఉద్ధరించడానికే నేను తెనాలిలో బస్సెక్కానని గట్టిగా నమ్మిన వయసు నాది. ఫిజిక్సుతో బీఎస్సీ అయ్యి, ఎండతో నీళ్లు కాచే సోలార్ హీటర్లు అమ్మే కంపెనీలో చేరాను. చేరిన వారానికే సూర్యుడు మాకు దగ్గర బంధువన్నట్టు మాట్లాడేవాణ్ణి. (ఆయన మాత్రం నన్నెప్పుడూ గుర్తుపట్టినట్టు లేదు.)

రాయదుర్గంలో నేను అద్దెకున్న ఇంటివాళ్లే నా మొదటి బేరం. లారీలు నడిపీ నడిపీ అలిసిపోయి ఇంటిపట్టున ఉంటున్న ఆయన్ను బాబాయిగారనీ, ఆవిణ్ణి పిన్నిగారనీ మా వైపు అలవాటు కొద్దీ పిలిచేవాణ్ణి. పిన్నిగారికి పుల్లలు పెట్టి నీళ్లు కాచే తన రాగి బాయిలరంటే ప్రాణం. పొగుండదు, కరెంటు ఖర్చుండదు, జీవితాంతం వేణ్ణీళ్లేనని నేనెంత ధారాళంగా చెప్పానంటే, హీటర్ బిగించిన రోజే బాబాయిగారు ఆ బాయిలర్ని పాత సామాన్లవాడికి ఇచ్చేశారు. అది సందు మలుపు తిరిగేదాకా పిన్నిగారు గుమ్మంలోనే నిలబడి చూశారు.

అది మే నెల. నీళ్లు సలసలా కాగాయి. నన్ను వీధంతా మెచ్చుకుంది. (మేలో మామూలు కుళాయిలోనూ వేణ్ణీళ్లే వస్తాయని ఎవరికీ తట్టలేదు. నేనూ గుర్తుచేయలేదు.)

వానాకాలం వెళ్లాక, మా దక్షిణం వైపు సందు అవతలి ఖాళీ జాగాలో ఒక ఇంజినీరుగారు మేడ కట్టడం మొదలుపెట్టారు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. కానీ హీటర్ పలక బిగించేటప్పుడు, ఆ దక్షిణపు జాగా ఎవరిది, అందులో ఏం కడతారు అని అడగాలని నాకు తోచలేదు. వాళ్ల పై అంతస్తు లేచేసరికి మా పలక మీద పొద్దస్తమానం నీడే. ఒకనాటి పొద్దున బాబాయిగారు ఒంటిమీద ఒకే ఒక్క చెంబు పోసుకుని, గజగజ వణుకుతూ నా గది ముందుకొచ్చారు.

"ఏందయ్యా, నీ సూర్యుడు ఆ ఇంటికి పోయిండు. జర పిలుచుకరా."

ఇనప స్టాండు వేయించి పలకను పైకెత్తాను. వాళ్లు ఇంకో అంతస్తు వేశారు. ఇంకా ఎత్తాను. గాలికి మా మేడ మీద ఏదో విమానం ఎగరబోతున్నట్టు చప్పుడయ్యేది. ఈ లోపు పిన్నిగారు గొంతు పెంచకుండా నా సంగతి తేల్చేశారు. "పరేషాన్ గాకు బిడ్డా. నెలాఖరుకు నీళ్లు కాగకుంటే నీ గదిల కట్టెల పొయ్యి పెట్టుకుంటం. నువ్వు వేరే జాగ చూసుకో."

ఆ సాయంత్రమే బాబాయిగారిని వెంటబెట్టుకుని, అప్పటికే కింది అంతస్తులో కాపురం పెట్టేసిన ఇంజినీరుగారి దగ్గరకు పరుగెత్తాను. అక్కడి ఇసుక కుప్ప మీద పుల్లతో సూర్యుడి దారి గీసి చూపించాను. ఆయన చివరిదాకా ఓపిగ్గా విని, "మేడ కూల్చమనరు కదండి? పోనీ, మీ హీటరే తెచ్చి మా మేడ మీద పెట్టుకోండి" అన్నారు.

అంతకన్నా గొప్ప ఉపాయం మాకు తోచలేదు. కూలీలు హీటర్ని అక్కడికెక్కించారు. నీళ్లు వాళ్ల ట్యాంకులోవి గనక, మర్యాదగా వాళ్ల స్నానాలగదికీ ఒక కుళాయి ఇప్పించాను. అక్కణ్ణుంచి మా ఇంటికి బట్టల దండెంలా సందు మీదుగా పొడవాటి పైపు వేలాడదీశాం. మర్నాడు బాబాయిగారు కుళాయి తిప్పారు. బకెట్ నిండింది, ఇంకో బకెట్ నిండింది. అంత దూరం పైపులో నడిచొచ్చిన నీళ్లు దారిలోనే చల్లారిపోయాయి. ఎదురింట్లోంచి మాత్రం, ఆవిర్లు కక్కే నీళ్లతో స్నానం చేస్తూ ఇంజినీరుగారు పాడుకుంటున్న పాట వినిపించింది. బాబాయిగారు కాసేపు విన్నారు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని, సబ్బు పట్టుకుని, సందు దాటి వెళ్లిపోయారు.

అదే అలవాటైంది. స్నానం అక్కడ, ఉప్మా అక్కడ, పేపరూ అక్కడే. ఎండెక్కాక నున్నగా తలదువ్వుకుని ఇంటికొచ్చేవారు. నన్నెప్పుడు వెళ్లగొడతారోనని నేను బిక్కుబిక్కుమంటూంటే, పిన్నిగారు ఒకరోజు కాఫీ ఇచ్చి, "ఆయన అటు పోతే పొద్దుగాల ఇల్లు ఎంత సల్లగుందో సూడు. నువ్వెటూ పోకు" అన్నారు. ఆ చలికాలమంతా ఎండను అమ్మే నేను చన్నీళ్లే పోసుకున్నాను.

ఈమధ్య నల్లగండ్లలో మా అపార్టుమెంటుకి ఒక కుర్రాడు సోలార్ పలకల గురించి చెప్పడానికొచ్చాడు. కరెంటు బిల్లన్నది ఎలా ఉంటుందో మర్చిపోతారు సార్ అన్నాడు. అడగాల్సిన ప్రశ్నలు నాకు చాలానే తెలుసు. కానీ ఆ పిల్లాడి కళ్లలో ధీమా చూస్తే ఒక్కటీ అడగబుద్ధి కాలేదు. ఇంకో కప్పు కాఫీ పోసి, ఇంకాస్త చెప్పమన్నాను.