తేలిక తూటా

గల్ఫ్‌లోని బుసైతీన్‌లో నేను కారు నడిపే ఇంటి యజమానికి వేటంటే పిచ్చి. ఒకసారి జింకనూ, ఎల్క్ అనే గుర్రమంత దుప్పినీ వేటాడటానికి వేరే దేశం బయల్దేరాడు. రెండింటికీ సరిపోయే ఒకే రకం తూటా కావాలి. అక్కడి స్నేహితుడు బరువైనదే తీసుకోమన్నాడట. అది పేలితే తుపాకీ గట్టిగా వెనక్కి తన్నుతుంది. ఆయనకేమో భుజం నొప్పి.

"ఏమంటావు భాయ్, తేలికది చాలదా?" అని కారులో నన్నడిగాడు.

నాకు తూటాల గురించి ఏమీ తెలియదు. ఆయన ఏ మాట కోసం చూస్తున్నాడో మాత్రం తెలుసు.

"మీ గురికి అదే ఎక్కువ బాబా," అన్నాను. ఆయన నవ్వి, వెంటనే ఫోన్ చేసి తేలికవే చెప్పేశాడు.

తిరిగొచ్చిన రోజు, ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి తీసుకొస్తుంటే జరిగింది చెప్పాడు. జింక ఒక్క దెబ్బకే పడింది. దుప్పికి తూటా తగిలింది గానీ లోతుగా దిగలేదు. నెత్తురు కార్చుకుంటూ అడవిలోకి పోయింది. ఎంత వెతికినా దొరకలేదు.

"పాపం, ఎంత నరకం చూసి చచ్చిందో," అన్నాడు. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది.

ఇప్పుడు ఆయన ఏదడిగినా, తెలియకపోతే "నాకు తెల్వదు బాబా" అనేస్తాను. దానివల్ల ఆ దుప్పికి ఒరిగిందేమీ లేదు.