పల్లికాయ పొట్టు సంచులు

మా ఊరు మానవపాడులో నేను పొడవాటి కర్ర ఊతంగా బార్ మీదుగా దూకే పోల్ వాల్ట్ నేర్చుకున్నది అమ్మ పల్లికాయ పొట్టు నింపి కుట్టిన సంచుల మీద. బార్ దాటాక వెల్లకిలా పడాలి, కానీ అలా పడితే సంచుల సందులోంచి నేల వీపుకు తగిలేది. అందుకే కాళ్ల మీద దిగడం అలవాటు చేసుకున్నాను.

మొదటిసారి విదేశంలో పోటీకి వెళ్తే అక్కడి పరుపు నడుమెత్తున, మెత్తగా ఉంది. అయినా గాల్లో ఉండగానే తొందరపడి కాళ్లు కిందికి దించాను. తొడ తగిలి బార్ పడిపోయింది. ఇచ్చిన మూడు అవకాశాల్లోనూ అంతే.

అమ్మకు ఫోన్ చేశాను.

"పడ్డప్పుడు దెబ్బ తాకిందా బిడ్డా?"

"లేదమ్మా, మస్తు మెత్తగుండె."

"మరి దేనికి భయపడ్డవ్?"

ఒళ్లు మండింది. ఫోన్ పెట్టేశాను.

ఊరికొచ్చిన మర్నాడు అవే సంచుల మీద, కావాలనే వెల్లకిలా పడ్డాను. నేల వీపుకు తగిలింది. తగలనీ అనుకుని మళ్లీ కర్ర అందుకున్నాను.