పెద్దమ్మ పడుకున్న చొక్కా

ఆ నాలుగంతస్తుల భవనంలో మెట్ల కింద ఇస్త్రీ అక్క బల్ల ఉంది. బట్టలు తెచ్చినవాళ్లు కాసేపు నిలబడి తమ కష్టసుఖాలు చెప్పుకుంటారు. అక్క తనవి చెప్పదు, పెట్టె తోస్తూ ఊకొడుతుంది. పిల్లుల మాటెత్తితే మాత్రం ఆమె నోటికి తాళం పడదు.

వీధిపిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, గుర్తుకు చెవి కొస కత్తిరించి, ఎక్కడివి అక్కడే వదిలే పద్ధతి ఉందని పశువుల డాక్టరమ్మ చెప్పింది. ఆమె ఇచ్చిన బోనుతో అక్క ఒక్కొక్కదాన్నే పట్టి పంపింది. చెవి కొస లేని పిల్లి కనబడితే, "ఇది పాసైపోయిందమ్మా" అని మురిసిపోయేది. ఇక మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. మచ్చల ఆడపిల్లి, మహా గడుసుది. మీటర్ల గదిలో మళ్లీ పిల్లలు పుట్టాయో, పిల్లులన్నిటినీ గోనెసంచుల్లో కట్టించి ఊరవతల పారేయిస్తానని భవనం సంఘం సెక్రటరీగారు ఖరాఖండిగా చెప్పేశారు.

బోనులో చేప పెడితే పెద్దమ్మ మూతి తిప్పుకునేది. పిల్లికి బిచ్చం పెట్టనివాళ్లు ఆ భవనంలో ఎవరూ లేరు మరి. ఒక్కపూట పస్తుంచండమ్మా అంటే అందరూ తలూపేవారు. నేనొక్కదాన్ని పెడితే ఏమవుతుందిలే అని ఎవరికి వాళ్లు పెట్టేవారు.

ఒక సాయంత్రం వానజల్లు బల్ల మీదికి కొట్టింది. అక్క కంగారులో, అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టలను గోడవారనున్న బోనులోకి తోసి, పట్టా కట్టబోయింది. వెనక టప్పుమని చప్పుడైంది. చూస్తే తలుపు పడి ఉంది, లోపల పెద్దమ్మ! కాసేపు ఎగిరిపడింది గానీ, పైన దుప్పటి కప్పగానే వెచ్చటి తెల్లచొక్కా మీద ముడుచుకుపోయింది.

అంతలో సెక్రటరీగారు బనీనుతోనే దిగారు.

"ఏమ్మా, నా తెల్లచొక్కా ఏది? పెళ్లికి టైమవుతోంది."

"ఇస్త్రీ అయింది సార్. కానీ పెద్దమ్మ లేవాలి కదా!" అక్క దుప్పటి అంచు ఎత్తి చూపించింది.

"ఓరి భగవంతుడా! తలుపు తియ్యి."

"తీస్తా సార్. పారిపోతే మళ్లీ ఈ జన్మలో చిక్కదు. ఆనక మీటర్ల గదిలో పిల్లలు పుడితే నన్ననకండి."

ఆయన వంగి చూశారు. పెద్దమ్మ చొక్కా జేబులో మూతి దూర్చింది. ఆయనకు కోపం రావలసింది, నవ్వొచ్చింది.

"అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా పడుకుందే! మరి నేనేం తొడుక్కోను?"

అక్క బల్ల సొరుగులోంచి లేతనీలం చొక్కా తీసింది. పోయిన భర్తది. వారం వారం ఇస్త్రీ చేసి మళ్లీ అక్కడే పెట్టేది, ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

"మా ఆయనది సార్. శుభ్రంగా ఉంది."

సెక్రటరీగారు రెండు చేతులా అందుకున్నారు. భుజాలు కుదిరాయి, పొట్ట దగ్గర గుండీ మొండికేసింది.

"భోజనాల దాకా ఊపిరి బిగబట్టండి సార్."

"ఆ తర్వాత తెగితే?"

"తెగనివ్వండి. కుట్టుకుంటా."

గేటు దాకా వెళ్లిన ఆ నీలం వీపునే అక్క చూస్తూ నిలబడింది. ఆయన గొడుగు తెరుస్తూ ఆగారు.

"ఆ మహాతల్లిని తడవనీకు. డాక్టరు దగ్గరకు ఆటోలో తీసుకెళ్లు. ఇంక సంచుల మాట ఎత్తనులే."

అక్క కొంగుతో ముఖం తుడుచుకుని బోను పైకెత్తింది.

"అబ్బో, ఏం బరువే! భవనమంతా కలిసి మేపితే ఇంతే మరి. పద."