ఒక్క ముక్కలో చెప్పండి

మా ఫిజీ పల్లెల్లో ఏదడగాలన్నా ముందు కవా మొక్క వేర్లు కానుకగా పెట్టి, పెద్దల్ని తలచి, క్షమాపణ చెప్పుకుని, ఆఖర్న అడుగుతాం; ఆ వేర్లు అందుకుంటే ఒప్పుకున్నట్టే. రాజధాని సువాలో చదివే మా లిటియానా ప్రొఫెసర్ విట్కాంకు ఈమెయిల్ కూడా అలాగే రాసింది. తుఫానుకు ఇల్లు కూలింది, పరీక్షకు గడువివ్వమని చివర్లో వేడుకుంది. విట్కాం దొర చివరిదాకా చదవనేలేదు. క్లాసులో తెరమీద చూపించి, "ఈ సోదేంటి? ఒక్క ముక్కలో రాయలేవూ?" అని అందర్నీ నవ్వించాడు. గడువు దొరక్క, పరీక్ష తప్పి, ఆమె చదువు అక్కడే ఆగిపోయింది.

పన్నెండేళ్లకు లిటియానా మా గ్రామపెద్ద అయింది. మా పగడపు దిబ్బలమీద పరిశోధనకు అనుమతి కోసం ఆ విట్కాం దొరే కవా వేర్లతో వచ్చి, బట్టీపట్టిన మర్యాదలు మొదలెట్టాడు.

"ఈ సోదేంటి సార్? ఒక్క ముక్కలో చెప్పలేరూ?"

ఆయన ముఖం పాలిపోయింది. "అనుమతి కావాలమ్మా."

"ఇవ్వను. నాదీ ఒక్క ముక్కే."

వేర్లు ముట్టకుండానే లేచింది. ఈసారి మేం నవ్వాం.