కోతి ఆవలించకుండా

ఆ బడిలో కంప్యూటర్ల గది తాళాల గుత్తి ఎప్పుడూ ఆమె మెడలోనే వేలాడుతుంది కాబట్టి పిల్లలందరికీ ఆమె తాళాలత్త. పాలపళ్ళు ఊడుతున్న బుడతల నుంచి మూతి మీద నూగు మొలుస్తున్న కుర్రాళ్ళ దాకా అందరిదీ అదే పిలుపు. అసలు పేరేమిటని అడిగితే టీచర్లు కూడా ఒక్క క్షణం తడుముకుంటారు. ఆమెకు మాత్రం ఈ పేరు మీద మోజే. అత్త అని ఒప్పుకున్నాక అల్లరి చేస్తే చెవి మెలిపెట్టే హక్కు కూడా ఇచ్చినట్టే కదా అంటుంది.

మొదట్లో ఆమె వరండాలు ఊడవడానికి చేరింది. కంప్యూటర్లు అట్టపెట్టెల్లో దిగిన రోజున, ఆ గది ఎవరికి అప్పజెప్పాలా అని మాస్టార్లు తర్జనభర్జన పడుతుంటే, ఆమె చెప్పాపెట్టకుండా ఓ గుడ్డ తడిపి తెచ్చి కిటికీ ఊచలు తుడవడం మొదలుపెట్టింది. బడికి పెద్ద దిక్కైన హెడ్మిస్ట్రెస్, అంటే అందరూ పెద్ద మేడం అనే ఆవిడ, గుమ్మంలో నిలబడి చూశారు. తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. అప్పట్నుంచి ఆ గది ఆమెది. పాత కర్టెన్లు కత్తిరించి ఒక్కో కంప్యూటర్‌కూ ముసుగు కుట్టింది. పొద్దున్నే అన్నిటి ముసుగులూ తీసి, మీటలు నొక్కి, అవి ఒక్కొక్కటే గుర్రుమంటూ మేలుకుంటుంటే కాసేపు కుర్చీలో కూర్చుని వింటుంది. లోకంలో ఇంతకన్నా మంచి ఉద్యోగం ఉందంటే ఆమె నమ్మదు. ఇంటికెళితే సిటీ బస్సు నడిపే మొగుడు, ఆయన జోకులు, వేడివేడి టీ. ఆమెకు కావలసినవి అంతే, అన్నీ ఉన్నాయి.

అంత చల్లగా సాగుతున్న కాపురంలోకి కోతి దిగింది.

పైవాళ్ళు ఎక్కడో కూర్చుని తీర్మానించారు. ఇకనుంచి ప్రతి తరగతీ ఆ కంప్యూటర్ల ముందు కూర్చుని ఒకానొక సాఫ్ట్‌వేర్‌లో పాఠాలు చదివి తీరాలి, తప్పించుకోవడానికి వీల్లేదు. దానికేదో గొప్ప పేరే ఉంది గానీ, తెర మూలన కళ్ళజోడు పెట్టుకున్న కోతి బొమ్మ ఒకటి ఉంటుంది కనుక పిల్లలు దాన్ని కోతి అనేశారు. జవాబు సరైనదైతే కోతి పల్టీ కొడుతుంది. తప్పయితే తల గోక్కుంటుంది. అంతవరకూ ముచ్చటే. ఒళ్ళు మండించేది ఇంకొకటి ఉంది. కాసేపు మౌస్ కదలకపోతే చాలు, కోతి నోరంతా తెరిచి ఆవలించి, ‘నువ్వు లేనట్టున్నావే! మళ్ళీ మొదలుపెడదామా?’ అంటుంది. అని ఊరుకోదు, చేస్తున్న లెక్కను ఉన్నపళంగా మింగేసి ఇంకో లెక్క తెచ్చి ముందు పడేస్తుంది. పైగా ఆవలించినప్పుడల్లా ఎదుట కూర్చున్నవాళ్ళకు శ్రద్ధ తక్కువని రాసుకుంటుంది. తెర మీద ఆకుపచ్చగా ఉండే వాళ్ళ పేరు పసుపై, ఆనక ఎర్రబడుతుంది.

పిల్లల తల ప్రాణం తోకకొచ్చింది. “అత్తా, నేనిక్కడే ఏడ్చానని చెప్పు దానికి!” అని ఒకడు బల్ల గుద్దేవాడు. సగం లెక్కలో తుమ్మొచ్చి రుమాలు వెతుక్కున్న పిల్ల, తలెత్తేసరికి లెక్క మాయమైతే నిజంగానే ఏడ్చింది. టేబుల్ ఫ్యాన్ మెడకు మౌస్ కట్టి తిప్పుదామని చూసిన పెద్ద తరగతి మేధావి ఒకడి చెవి మెలిపెట్టే పని తాళాలత్తకు పడింది. ఆమెకేమో వాడి మీద కోపం లేదు, కోతి మీద ఉంది.

తొమ్మిదో తరగతిలో మాత్రం ఒకడు కోతిని లొంగదీసుకున్నాడు. వాడి చెయ్యి ఒక్క క్షణం కుదురుగా ఉండదు, పెన్నో స్కేలో దేన్నో ఒకదాన్ని ఆడిస్తూనే ఉంటాడు. అందుకే వాడికి టకటక అని పేరు. ప్రశ్న చదవడు, కనపడ్డ చోటల్లా నొక్కుకుంటూ పోతాడు. తప్పులు కుప్పలు పడినా కోతి దృష్టిలో వాడంత శ్రద్ధగల విద్యార్థి బడిలోనే లేడు. తెర మీద వాడి పేరు పచ్చిక బయల్లా మెరిసిపోయేది.

అదే తరగతిలోని ఇంకో పిల్లకు నిదానం అని పేరు. నోట్లో నాలుక లేని పిల్ల. లెక్కలంటే ప్రాణం. పెద్ద లెక్క ఒకటి దొరికితే చాలు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కాగితం మీద చిన్న చిన్న గీతలు గీసుకుంటూ, లోకం మరిచిపోతుంది. ఆ తరగతికి చెప్పే లెక్కల మాస్టారికి ఆ పిల్లంటే మహా ఇష్టం. ‘దానికి ఆలస్యమవుతుందంతే, లెక్క మాత్రం తప్పదు’ అనేవారు. ఆ పిల్ల కాగితం మీద చెయ్యి వేసిందంటే మౌస్ మీద నుంచి తీసిందనే కదా అర్థం. కోతి ఆవలించేది. ఇంకో లెక్క. మళ్ళీ గడ్డం కింద చెయ్యి. మళ్ళీ ఆవలింత. కోతి వచ్చిన కొన్నాళ్ళకే నిదానం పేరు పసుపైంది, ఎరుపుకు దగ్గర పడింది.

ఎర్రబడితే ఊరుకోరు. టర్మ్ చివరికి ఎర్రగా ఉన్న పిల్లల్ని ‘ఊతం తరగతి’ అని వేరే గదిలోకి మార్చాలని పైనుంచి ఆజ్ఞ. ఆ గదిలో లెక్కల మాస్టారు ఉండరు. కూడికలు, తీసివేతల దగ్గర్నుంచి కోతే మళ్ళీ మొదలుపెట్టి నేర్పుతుంది. ఆ మాట తెలిసిన రోజున నిదానం అందరూ వెళ్ళాక కూడా కంప్యూటర్ ముందే కూర్చుండిపోయింది.

“ఏమ్మా, ఇంటికి పోవా?” అంది తాళాలత్త ముసుగులు వేస్తూ.

“అత్తా, నేను ఆలోచిస్తున్నప్పుడు నేను లేనని అంటోంది” అంది ఆ పిల్ల. “ఆలోచిస్తున్నప్పుడే కదత్తా నేనుండేది?”

తాళాలత్తకు గుండె కలుక్కుమంది. ఆ పిల్ల వీపు నిమిరి పంపించింది.

ఇంటికెళ్ళి మొగుడి ముందు కోతిని కడిగి ఆరేసింది. ఆయన టీ ఊదుకుంటూ తాపీగా విన్నాడు.

“మా బండీ అంతేనోయ్” అన్నాడు. “స్టాపులో ఆపి జనం దిగేదాకా ఊరుకున్నానా, ఇంజను ఆగి కూర్చుంటుంది. ఆగిందంటే మళ్ళీ లేవదు. అందుకని కాలితో అలా కొంచెం కొంచెం తొక్కుతూ ఉంటా. బండి ఎక్కడికీ పోదు, ఊరికే బతికుంటుంది.”

“మీ బస్సుకు డ్రైవరున్నాడు. ఆ పిల్ల రెండు చేతులూ కాగితం మీదుంటాయి. తొక్కేదెవరండీ?”

“నువ్వు లేవా? పొద్దస్తమానం ఆ గదిలో కూర్చుని చేసే ఘనకార్యమేముంది?”

“మీరు మరీను” అని గరిట చూపించింది గానీ, ఆ మాట బుర్రలో నాటుకుపోయింది.

మర్నాడు తొమ్మిదో తరగతి రాగానే తాళాలత్త స్టూలు లాక్కుని నిదానం పక్కన చేరింది. “నువ్వు నీ లెక్క చూసుకో తల్లీ, దీని సంగతి నేను చూస్తా” అని మౌస్ అందుకుంది. అటూ ఇటూ, అటూ ఇటూ. కోతి కళ్ళు విప్పార్చుకుని బుద్ధిగా నిలబడింది. ఒక్క ఆవలింత లేదు. నిదానం కాగితం సగం నిండింది, ముప్పావు నిండింది, ముఖం వెలిగింది. అది చూసి ఇటు ఈమెకు ఉత్సాహం ఎక్కువై, మౌస్ మరింత జోరుగా తిప్పేసరికి వేలు టక్కున నొక్కుకుంది. తెర మీద ఏదో తలాతోకా లేని జవాబు పడింది. కోతి తల గోక్కుంది.

“అయ్యో అయ్యో, నా చెయ్యి పడిపోను!” అని తాళాలత్త నెత్తి కొట్టుకుంది.

“పర్లేదత్తా” అంది నిదానం. అంటూనే నవ్వేసింది. చాన్నాళ్ళకు ఆ గదిలో ఆ పిల్ల నవ్వింది. “జవాబైతే నాకు తెలిసిపోయిందిగా.”

పని కుదురుతుంది గానీ, తన చెయ్యి మొరటని తాళాలత్తకు అర్థమైంది. ఎవరైనా చెయ్యి తిరిగినవాడు కావాలి. చుట్టూ చూసింది. టకటక అప్పటికే పదో ఇరవయ్యో జవాబులు నొక్కేసి, బల్ల మీద తబలా వాయిస్తున్నాడు.

“ఒరేయ్, ఇలా రా. నీ చేతికో పని చెప్తా. మౌస్ కదపాలి, నొక్కకూడదు. నొక్కావో, చెవి ఊడొస్తుంది.”

“ఊరికే కదపడమేనా? అదేం పనత్తా!” అన్నాడు వాడు. కానీ కూర్చున్నాడు. పుట్టాక వాడి చేతి ఆడింపును ఎవరైనా మెచ్చుకుని పిలవడం అదే మొదటిసారి. మౌస్ వాడి చేతిలో పాపను నిద్రపుచ్చే ఊయలలా మెత్తగా కదిలింది. నిదానం ఒకటి తరవాత ఒకటి లెక్కలు తేల్చింది, కోతి పల్టీల మీద పల్టీలు కొట్టింది.

ఇక చూడాలి, తరగతంతా జంటలైపోయింది. ఒకరు ఆలోచించేవాళ్ళు, ఒకరు కదిపేవాళ్ళు. కాసేపయ్యాక అటువాళ్ళు ఇటు. కదిపేవాళ్ళు ఊరికే ఉండలేక పక్కవాళ్ళ కాగితంలోకి తొంగి చూసేవారు, ‘ఇదెలా వచ్చింది?’ అని గుసగుసగా అడిగేవారు. ఆ గుసగుసల్లో టకటకకు కూడా రెండు మూడు లెక్కలు అంటుకున్నాయి. లెక్కల మాస్టారు ఇదంతా చూశారు. కళ్ళజోడు తీసి, తీరిగ్గా తుడుచుకుని, ఏమీ చూడనట్టు మళ్ళీ పెట్టుకున్నారు. నిదానం పేరు ఆకుపచ్చకు తిరిగింది. తాళాలత్త మనసు హాయిగా ఉంది.

ఆ హాయికి ఎసరు పెట్టింది ఆ పచ్చదనమే. ఒక్క ఆవలింత కూడా లేని తరగతి ఇంకెక్కడా లేదని పైనుంచి పెద్ద మేడంకు ఫోన్ చేసి అభినందించారు. ఆవిడ పొంగిపోయి, ఆ శ్రద్ధేమిటో కళ్ళారా చూద్దామని శుక్రవారం మధ్యాహ్నం నేరుగా గదిలోకి వచ్చారు. సగం మంది పిల్లలు తెర వైపే చూడకుండా కాగితాల మీద వంగి ఉన్నారు. మిగతా సగం కిటికీలోంచి బయటికి చూస్తూ మౌసులు ఊపుతున్నారు. ఆవిణ్ణి చూడగానే అందరి చేతులూ ఆగాయి. టకటక చెయ్యి మాత్రం ఆగలేదు.

“ఏమిటిది?” అన్నారు పెద్ద మేడం.

తాళాలత్త స్టూలు మీద నుంచి లేచింది. “నేనే చెప్పానండి. పిల్లల తప్పేం లేదండి.”

“దీన్ని మోసం అంటారని తెలుసా నీకు?”

“అదేమో నాకు తెలీదండి. పిల్ల ఆలోచించుకుంటుంటే అది తరిమేస్తోందండి. తరమకుండా చూశానంతే.”

పెద్ద మేడం ముఖం గంటు పెట్టుకున్నారు. “సోమవారం నుంచి ఎవరి మౌస్ వాళ్ళే పట్టుకోవాలి. ఎవరికి ఏ రంగొస్తే అదే.” అని వెళ్ళిపోయారు. నిదానం కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. టర్మ్ చివరికి ఇంకెన్నో రోజుల్లేవు, మళ్ళీ ఎర్రబడటానికి అవి చాలు. తాళాలత్తకు ఏడుపొచ్చినంత పనైంది. తనకేమన్నా అయినా సర్దుకునేది గానీ, పిల్ల మాస్టారికి దూరమవుతుందంటే తట్టుకోలేకపోయింది.

అదే సాయంత్రం, బడి వదిలాక, ఆమె తాళం వేయబోతుంటే పెద్ద మేడం మళ్ళీ వచ్చారు. టీచర్లు కూడా అదే కోతి దగ్గర శిక్షణ పూర్తిచేసి తీరాలట, ఆ గడువుకు అదే ఆఖరి రోజట. వాయిదా వేస్తూ వేస్తూ ఇక్కడిదాకా తెచ్చుకున్నారు.

“నువ్వుండు, తాళం వెయ్యాలిగా” అని ఒక కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

పెద్ద మేడం ఏ పనైనా ఆచితూచి చేసే మనిషి. ప్రశ్న ఒకసారి చదివారు. మళ్ళీ చదివారు. కుర్చీలో వెనక్కి వాలి, పెన్ను మూత పెదవులకు ఆనించి, పైకప్పు వైపు చూశారు. కోతి ఆవలించింది.

“ఇదేంటి, ఉన్నానుగా!” అన్నారు ఆవిడ.

ఇంకో ప్రశ్న. మళ్ళీ వెనక్కి వాలారు. మళ్ళీ ఆవలింత. మూడోసారి ఆవిడ జవాబు నొక్కడానికి వేలెత్తారు కూడా, ప్రశ్న ఎగిరిపోయింది. తెర పైన ఆవిడ పేరు పసుపుగా మారింది. పెద్ద మేడం చెవులు ఎర్రబడ్డాయి. తలుపు దగ్గర తాళాలత్త ఊపిరి బిగబట్టి, గోడ మీది గడియారాన్ని మహా శ్రద్ధగా చూస్తూ నిలబడింది. ఈ సమయంలో నవ్వొచ్చిందా, కొంప మునుగుతుంది.

పెద్ద మేడం తలుపు వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు.

“ఏమ్మా, ఊరికే నిలబడ్డావుగా.”

“ఆఁ, అవునండి.”

“ఇలా వచ్చి కూర్చో.” తన పక్కనున్న స్టూలు చూపించి, మౌస్ మెల్లగా అటు జరిపారు. “నొక్కకు. కదుపు చాలు.”

తాళాలత్త కూర్చుంది. బస్సు స్టాపులో ఆగినప్పుడు మొగుడు తొక్కే తీరు గుర్తు చేసుకుని, అంత మెత్తగానూ కదిపింది. ఈసారి వేలు మాట విన్నది. కోతి కళ్ళు విప్పార్చుకుని చూస్తూ ఉంది. పెద్ద మేడం వెనక్కి వాలి, పైకప్పు చూసి, ఆలోచించి, ముందుకు వంగి జవాబు నొక్కారు. కోతి పల్టీ కొట్టింది. మళ్ళీ వాలారు. మళ్ళీ పల్టీ. కిటికీలోంచి పడుతున్న ఎండ బల్ల చివరికి జరిగేదాకా ఇద్దరూ అలాగే పని చేశారు.

అంతా అయ్యాక పెద్ద మేడం కళ్ళజోడు తీసి ముక్కు నలుపుకున్నారు. ఇటు తిరక్కుండానే అడిగారు.

“ఆ నిదానం అనే పిల్లకి ఎవరు కదుపుతారు?”

“టకటక అని ఉన్నాడండి. చెయ్యి మంచిదండి వాడిది.”

“సోమవారం వాణ్ణే కూర్చోబెట్టు. తక్కిన జంటలు కూడా అలాగే ఉండనీ.” లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. “పైవాళ్ళకేం చెప్పాలో నేను చూసుకుంటాలే.”

ఆవిడ వెళ్ళాక తాళాలత్త కంప్యూటర్‌కు ముసుగు వేసింది. తలుపు మూసి తాళం తిప్పింది. ఇంటికెళ్ళగానే, ఇవాళ పెద్ద మేడంకు డ్రైవరీ చేశానని మొగుడికి చెప్పాలని గబగబా నడిచింది.